తలుపేసుకుని తిన్నవాళ్ళు

ట్రక్కులోంచి ముందుగా దిగేది చాపల చుట్ట. తర్వాత గిన్నెల పెట్టె, దీపం, ఆఖరున కుట్టుమిషను. ఏది ఏ మూలకి పోవాలో ఇల్లు చూడకముందే అలుమితకి తెలుసు. పెళ్ళయి మూడేళ్ళు నిండకుండానే ఇది ఐదో ఇల్లు మరి.

నుకుబలావు ఊరి చివర, సముద్రానికి వీపు పెట్టి, బడి మేస్టారు ఎవరొస్తే వాళ్ళకని కట్టిన ఇల్లు అది. రేకుల కప్పు, చెక్క గోడలు, ఒకే గది, ఒకే తలుపు. గదిలోనే ఓ మూల కిరోసిన్ పొయ్యి. గుమ్మం ముందునుంచే ఊరి బాట.

"ఈసారి ఇక్కడే," అన్నాడు ఎరోని, మిషను భుజం మీంచి దించుతూ. "మన బిడ్డ ఈ చాప మీదే పుడుతుంది. ఇంకెక్కడికీ కదిలేది లేదు."

"పోయినసారీ ఇదే అన్నావు."

"పోయినసారి నీ కాళ్ళు ఇలా లేవుగా."

ఎనిమిదో నెల ఆమెకి. రెండు కాళ్ళూ నీరు పట్టాయి. ఎడమది మరీ.

అలుమిత వాళ్ళమ్మ వచ్చినప్పుడల్లా దెప్పేది: "పిల్లి కూడా పిల్లల్ని పెట్టాకే ఇల్లిల్లూ తిప్పుతుంది కదే. నువ్వు పెట్టకముందే మొదలెట్టావు." అలుమిత నవ్వేసేది. మిల్లు పొగ పడలేదనీ, కొండ చలి పడలేదనీ, మేడమెట్లు ఎక్కలేకపోతున్నాననీ, ఇల్లు మారిన ప్రతిసారీ ఓ కారణం చెప్పారు. అన్నీ నమ్మదగ్గవే. అసలు కారణం మాత్రం ఒకరితో ఒకరు కూడా అనుకోలేదు.

సామాను దించుతుండగానే పక్కింటి వాసిటి కర్రపెండలం బుట్టతో వచ్చింది, చంకలో పిల్ల. "సర్దుకోండి, సర్దుకోండి. సాయంత్రం ఇటుగా పోతుంటే ఎలాగూ పిలుస్తారుగా," అంది నవ్వుతూ. అలుమిత చేతిలో గిన్నె ఒక్క క్షణం ఆగింది.

ఫిజీలో ఏ దీవికెళ్ళినా, ఎంత లేనివాళ్ళయినా, తిండి ముందు కూర్చుంటే తలుపు తెరిచే ఉంచుతారు. బాట మీద పోయేది చుట్టమా, పగవాడా అని చూడరు. "రండి, తిందాం" అని కేకెయ్యాలి. పోయేవాళ్ళు "కానివ్వండి, తినేశాం" అని నవ్వి సాగిపోవాలి, పేగులు మాడుతున్నా సరే. పిలవకపోతే ఇంటివాళ్ళ పరువు పోతుంది. పిలవగానే వచ్చి కూర్చుంటే వచ్చినవాళ్ళది పోతుంది. ఎవరి పరువూ పోకుండా, ఎవరి ఆకలీ తీరకుండా పూటపూటా జరిగిపోయే మర్యాద.

బూ మకెరెటా ఆ మర్యాదని సగమే పాటించేది. పిలిస్తే వచ్చేది.

అది వైలోలో ఊళ్ళో, వాళ్ళ మొదటి ఇంట్లో. బూ అంటే అమ్మమ్మ. నా అన్నవాళ్ళు ఎవరూ లేని ఆ ముసలావిడ ఊరందరికీ అమ్మమ్మే. అందరి అమ్మమ్మంటే ఎవరి అమ్మమ్మా కాదన్నమాట. పొద్దుగూకాక ఎడమకాలు ఈడ్చుకుంటూ బాట మీద నడిచేది. దీపం వెలిగే గుమ్మం ముందుకి రాగానే ఆ నడక నెమ్మదించేది. నోరు తెరిచి అడిగింది లేదు. కొత్తలో అలుమిత మనసారానే పిలిచింది. బూ చాప చివర కూర్చుని, తలెత్తకుండా, నెమ్మదిగా తినేది. చేపముళ్ళు ఒక్కొక్కటే తీసి కంచం అంచున దువ్వెన పళ్ళలా వరసగా పేర్చేది.

కొన్నాళ్ళకి పిలుపు బరువైంది.

"ఊళ్ళో ఇన్ని గుమ్మాలుంటే ఆవిడకి మనదే దొరికిందా?" అన్నాడు ఎరోని.

"మర్యాదకి పిలిస్తే, మర్యాదని కూడా నమిలేసేలా ఉంది," అంది అలుమిత.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ మర్నాటినుంచి తినేటప్పుడు తలుపేసుకోవడం మొదలుపెట్టారు.

తర్వాత వానలు పట్టాయి. పడవలు కదల్లేదు. ఊళ్ళో చేప కంటికి కనబడని ఆ రోజుల్లో, బడిపిల్లాడి తండ్రి ఒకడు వాగు మలుపులో వల వేసి పట్టిన పెద్ద చేపని ఎరోని మేస్టారికని తెచ్చిచ్చాడు. అలుమిత కొబ్బరిపాలల్లో ఉడికించింది. నలుగురికి సరిపోయే కూర. తలుపేసుకున్నారు.

అడుగులు వచ్చాయి. నెమ్మదించాయి. ఆగాయి.

అలుమిత నోట్లో ముద్ద ఉంది. బయటికి వినబడుతుందని నమలడం ఆపేసింది. ఎరోని దీపం ఊదేశాడు. చీకట్లో, నోటినిండా చేపతో, పెళ్ళాం మొగుడూ దొంగల్లా కూర్చున్నారు... తమ ఇంట్లో, తమ కంచాల ముందు. తలుపు మీద తడి చెయ్యి ఒకటి ఆనిన చప్పుడు. కొట్టలేదు. ఆనింది, అంతే. తర్వాత వాన హోరు తప్ప ఏమీ వినబడలేదు. వెళ్ళిపోయి ఉంటుందిలే అనుకుని ముద్ద మింగారు.

వెళ్ళలేదు. తెల్లారి తలుపు తీస్తే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది.

ఊరు ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాళ్ళు. శవానికి స్నానం చేయించడానికొచ్చిన ఆడమనిషి ఒకామె మాత్రం గుమ్మంలో ఆగి, మెల్లగా అడిగింది.

"రాత్రి నువ్వు తిన్నావా అమ్మా?"

"లేదు," అంది అలుమిత. ఇంటినిండా చేప వాసన.

కర్మకాండ ముగియకముందే బదిలీ అడిగి ట్రక్కెక్కారు. ఊరు వదిలేటప్పుడు పెద్దల ముందు కూర్చుని సెలవడగాలి, అదీ చెయ్యలేదు. ఏ మొహంతో అడుగుతారు?

చెరుకుమిల్లు పక్కన ఇంట్లో, కంచాల ముందు కూర్చున్న మొదటి వారంలోనే వినబడింది. సర్ర్... టప్. సర్ర్... టప్. కొండ మీది బడి దగ్గరా అదే. బజారులో బట్టల కొట్టు మీది మేడగదిలో అయితే, గోడకి అవతల కాకి వాలడానికి కూడా చోటు లేదు. అయినా తినేవేళకి అడుగులు వచ్చాయి. నెమ్మదించాయి. ఆగాయి. ఆ అడుగులు ఎక్కడ పడుతున్నాయో ఇద్దరూ ఆలోచించలేదు. ఆలోచిస్తే తెలిసిపోయేది.

నుకుబలావుకొచ్చిన వారానికి, పొయ్యి మీద చేమాకుతో చేప ఉడుకుతుండగా అలుమిత అంది. "ఇవాళ పిలుస్తాను."

"ఎవర్ని?"

"ఎవర్నో నీకు తెలుసు."

ఎరోని చేతిలో దీపపు గాజు తుడుస్తున్న గుడ్డ ఆగింది. ఇన్ని ఇళ్ళలో ఆ మాట పైకి రావడం ఇదే మొదలు.

"నా వల్ల కాదు ఎరోనీ. బిడ్డని కని, మళ్ళీ మూట కట్టుకుని ఇంకో ఊరు... దానికి పాలు పట్టేటప్పుడు కూడా తలుపేసుకుని కూర్చోవాలా? పిలుస్తాను. తింటే తింటుంది. కడుపు నిండితే పోతుంది."

ఆమె మూడు కంచాలు పెట్టింది. చేపలో మంచి ముక్క, తలవైపుది, మూడో కంచంలో వేసింది. తలుపు బార్లా తెరిచింది. బయట ఇంకా కాస్త వెలుగుంది. సముద్రం గాలి పడిపోయింది. ఊళ్ళో ఇంటింటి గుమ్మంలోంచీ "రండి, తిందాం" అన్న కేకలు, నవ్వులు. ఒక్కొక్కటిగా అవీ సద్దుమణిగాయి.

అప్పుడు వాసన వచ్చింది. వానలో తడిసి, ఆరకుండా చుట్టిపెట్టిన చాప వాసన. వాన పడి చాలా రోజులైంది.

"ఎరోనీ..."

"నాకూ వస్తోంది."

బాట మీద అడుగులు. ఈడుపు ఉందో లేదో భయంలో ఆమెకి పోల్చుకోవడం చేతకాలేదు. దగ్గరవుతున్నాయి. అలుమిత ఊపిరి కూడదీసుకుంది. నోరు తెరిచింది.

ఎరోని చెయ్యి ఆమె నోరు మూసింది.

"వద్దు," అన్నాడు చెవిలో. "పిలిచామంటే... ఆ రాత్రి విన్నామని ఒప్పుకున్నట్టే."

చెడ్డవాడు కాదతను. అబద్ధమాడకూడదని రోజూ పిల్లలకి చెప్పేవాడే. ఒక్క అంగలో వెళ్ళి తలుపు మూశాడు, గడియ పెట్టాడు, దీపం ఊదేశాడు. మరి ఆమె? ఆ చెయ్యి తీసిపారేసి అరవచ్చు. అరవలేదు. నిజం చెప్పాలంటే, ఆ చెయ్యి పడగానే ఆమెకి ప్రాణం కుదుటపడింది. ఆ సంగతి ఆ చీకట్లోనే ఆమెకి తెలిసింది, ఒళ్ళంతా సిగ్గుతో కాలింది.

బయట అడుగులు నెమ్మదించాయి.

ఆగాయి.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు...

అప్పుడు గదిలో, వాళ్ళ వెనక, పొయ్యి మూలలోంచి ముసలిగొంతు ఒకటి, తలుపు వైపుకి, తీరిగ్గా పిలిచింది.

"రామ్మా, తిందువుగాని."

బయటినుంచి వాసిటి గొంతు నవ్వుతూ బదులిచ్చింది. "కానివ్వండి బూ, మేం తినేశాం."

తేలికపాటి అడుగులు బాట మీద సాగిపోయాయి.

ఇన్నాళ్ళూ బయట నడుస్తోందనుకున్నారు. ఇన్ని ఇళ్ళు... ఇన్ని గడియలు... ప్రతి ఇంట్లోనూ దాన్ని తమతోపాటే లోపల పెట్టి బిగించుకున్నారు.

సర్ర్... టప్.

పొయ్యి దగ్గర.

సర్ర్... టప్.

చాప అంచు అణిగింది. కంచం కదిలింది. తర్వాత నమిలే చప్పుడు. నెమ్మదిగా. పళ్ళు లేని నోరు. అలుమిత కడుపులో బిడ్డ ఒక్కసారి కదిలి, కదలిక ఆపేసింది, అది కూడా వింటున్నట్టు.

ఎంతసేపో. చప్పుడు ఆగాక ఎరోని తడుముకుంటూ దీపం వెలిగించాడు. గదిలో ఇద్దరే ఉన్నారు. మూడో కంచం ఖాళీ. దాని అంచున ముళ్ళు, దువ్వెన పళ్ళలా, ఒక్కటీ వంకర లేకుండా.

తెల్లారాక ఎరోని ఒకే మాట అన్నాడు. "సోమవారం బదిలీకి అడుగుతాను."

"ఎక్కడికి? ఎవర్ని వదిలేసి?" అంది అలుమిత.

అతను టీ గ్లాసు, రాత్రి మిగిలిన పెండలం ముందేసుకుని చాప మీద కూర్చున్నాడు. రాత్రినుంచి ఆమె మెతుకు ముట్టలేదు. తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా రాయి అడ్డం పెట్టి, బకెట్టు పట్టుకుని కుళాయికి వెళ్ళింది. నీళ్ళు పట్టుకుని వస్తుంటే బాట మీద వెనకనుంచి వాసిటి వచ్చి కలిసింది, భుజాన వలతో. అలుమిత ఆమెవైపు తిరిగి నిలబడింది.

"మేస్టారమ్మా, మీ అమ్మమ్మ ఉంది కాబట్టి సరిపోయింది," అంది. "లేకపోతే ఈ ఇంట్లో మర్యాద తెలిసినవాళ్ళే లేరనుకునేవాళ్ళం."

అలుమిత బకెట్టు కింద పెట్టింది. "ఎప్పుడు చూశావు?"

"చూడ్డమేంటి, మొన్న నువ్వు వాగుకి బట్టలకెళ్ళినప్పుడు పిలిచి కూర్చోబెట్టి చేప పెట్టింది. కాదంటే ఊరుకోలేదు. నేనిలా లోపలికొచ్చానో లేదో అలా తలుపేసేసింది. అదేంటి బూ అంటే, 'ఈ ఇంట్లో తలుపేసుకునే తింటాం తల్లీ, పిల్లలకి అలా అలవాటైంది' అంది." వాసిటి వల సర్దుకుని, చూపు దించుకుంది. "నీ బదులు నాకు సిగ్గేసిందమ్మా."

చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పగటి వెలుగు, ఎదురుగా ఓ మంచిమనిషి. ఆవిడ మా అమ్మమ్మ కాదు, మేం చంపుకున్న ముసలమ్మ అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది.

"అవును," అంది అలుమిత. "మా అమ్మమ్మ. కాస్త చాదస్తం."

వాసిటి తలూపింది. అలుమిత భుజం మీదుగా ఇంటి గుమ్మం వైపు చూసి, ఎవరో పలకరించినట్టు నవ్వింది. "కానివ్వండి బూ, తినేశాం," అని, వల సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

అలుమితకి ఏ పిలుపూ వినబడలేదు.

వెనక్కి తిరిగింది. అడ్డం పెట్టిన రాయి బాట మీద పడి ఉంది. తలుపు మూసి ఉంది.

బకెట్టు ఎత్తుకుని నడిచింది. వాచిన ఎడమకాలు లేవనంటోంది. ఈడ్చింది. సర్ర్... టప్. గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆమె నడక తనంతట తానే నెమ్మదించింది. లోపల చేప వాసన... ఇవాళ ఆమె చేప వండలేదు. లోపల నమిలే చప్పుడు. ఒక నోరు కాదు. రెండు.

ఆకలి కడుపులోంచి గొంతులోకి పాకింది. తడిచెయ్యి ఎత్తి, కొట్టకుండా, తలుపుకి ఆనించింది.

లోపల నమలడం ఆగిపోయింది.