సంతాప సభలో లక్కీ డ్రా

నెరిడా రాసిన సీన్‌లో జోకులన్నిటి మీదా ఎర్రగీత పడింది. గీసింది డైరెక్టర్ ఎవన్. ఆమె స్క్రిప్టు పట్టుకుని వానలో పబ్ వెనక ఆవరణ దాటి, అతని వ్యాన్ తలుపు కొట్టింది.

"ఇది కథలో పోయిన జాలరికి సంతాప సభా, నా సీన్‌కా?"

"తడుస్తున్నావు. లోపలికి రా."

"రాను. పాస్టరు గారి విగ్గు శవపేటికలో పడితే నవ్వు రాదా?"

"వస్తుంది. అందుకే తీసేశాను. పక్కనే మొగుడు పోయిన మనిషి కూర్చుని ఉంది."

"మొదటి సీన్ నుంచీ ఏడుపే కదయ్యా! చూసేవాళ్ళని మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవా?"

"పీల్చుకోమను. విగ్గులు మింగమనకు."

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. స్క్రిప్టు అతని ఒళ్ళోకి విసిరి వెళ్ళిపోయింది.

ఆ సీరియల్ టాస్మేనియాలో ఒక రేవు ఊళ్ళో జరిగే హత్యల కథ. చంపుకోవడం ఎంత ఉంటుందో నవ్వుకోవడం అంత ఉండాలని చానెల్ వాళ్ళ షరతు. ఆ నవ్వుల కోసమే నెరిడాని మెల్‌బోర్న్ నుంచి పిలిపించారు. సంతాప సభ సీన్ ఎవన్‌కి నచ్చితే ఆమె చివరిదాకా ఉంటుంది. లేకపోతే మెల్‌బోర్న్ విమానం ఎక్కాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె వెళ్ళిపోతే తనకి ఎలా ఉంటుందో ఎవన్‌కి తెలుసు. అది ఎవరితోనూ అనలేదు. అందుకోసం బాగాలేని సీన్‌ని బాగుందనీ అనలేదు.

షూటింగ్ ఊళ్ళో ఉన్న అసలు పబ్‌లోనే. సంతాపానికి వచ్చినవాళ్ళుగా కూర్చున్నది ఊరివాళ్ళే. ఎవన్‌ది ఆ పక్క ఊరు. ఎవరు పోయినా సరే, ప్రతి శుక్రవారం పబ్‌లో టికెట్లు అమ్మి మాంసం పళ్ళెం బహుమతిగా ఇచ్చే లక్కీ డ్రా ఆగదని అతనికి తెలుసు. అందుకని ఒక్కదానికి ఒప్పుకున్నాడు: సీన్ వెనకాల, చిన్న గొంతుతో, డ్రా నడుస్తుంటుంది. కెమెరాకి కనబడాలని కసాయి కొట్టు నుంచి చాప్స్, సాసేజులు నిజమైనవే తెప్పించారు. ఊరివాళ్ళకి టికెట్లు పంచారు. వాళ్ళు అలవాటు కొద్దీ జేబుల్లోంచి డబ్బులు తీసి ఇచ్చారు. డ్రా, సంతాపం రెండూ నటనేనని ఎవరూ విడమరిచి చెప్పలేదు.

కెమెరా తిరిగింది. జాలరి భార్యగా వేసే యోలాండా, నల్ల కోటులో, టీ కప్పు కేసి చూస్తూ మాట్లాడుతోంది.

"పొద్దున పోట్లాడుకున్నాం. రొట్టె మాడ్చావన్నాడు. మాడ్చలేదన్నాను. మాడ్చాను."

వెనక కౌంటర్ దగ్గర అమ్మాయి ఒక నంబరు చదివింది.

"నాదే! నాదే తల్లీ!"

మెర్వ్ అనే ముసలాయన, ఒకప్పుడు పడవ నడిపినవాడు, మూలనుంచి లేచాడు. కుర్చీలు తప్పించుకుంటూ నేరుగా కెమెరా ముందుకి వచ్చి పళ్ళెం అందుకున్నాడు. తిరిగేసరికి ఎదురుగా యోలాండా, చెంపల మీద కన్నీళ్ళతో.

ఎవన్ కట్ చెప్పడానికి నోరు తెరిచాడు. పక్కనే కెమెరా తెర చూస్తున్న నెరిడా అతని మణికట్టు పట్టుకుంది.

"ఆపకు."

మెర్వ్ టోపీ తీశాడు. పళ్ళేన్ని చూశాడు, ఆమెని చూశాడు. దాన్ని ఆమె ముందు పెట్టాడు.

"నువ్వుంచుకో అమ్మా. వారం దాకా కొట్టుకి వెళ్ళబుద్ధి కాదు. సాసేజులు ముందు వండేసుకో. చాప్స్ ఫ్రీజర్లో పెట్టు, పాడవ్వవు."

యోలాండా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. స్క్రిప్టులో ఆ రెండూ లేవు. టేబుల్ మీద పళ్ళేన్ని దగ్గరికి లాక్కుంది.

ఎవన్ అప్పుడు కట్ చెప్పాడు. పబ్ అంతా చప్పట్లు.

మెర్వ్‌కి ఏమీ అర్థం కాలేదు. "అయితే ఈవిడ మొగుడు పోలేదా?"

"లేదు మామా, సిడ్నీలో ఉన్నాడు," అంది యోలాండా.

"మరైతే నా మాంసం నాకిచ్చెయ్."

నెరిడా బయటికి వచ్చి చూరు కింద నిలబడింది. కాసేపటికి ఎవన్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

"ప్రొడ్యూసర్‌తోనా?"

"ఆఁ."

"సీన్ కుదిరింది. కానీ అందులో నా మాట ఒక్కటీ లేదు. అది చెప్పేశావుగా?"

"చెప్పాను. నేను ఆపేసేవాణ్ణి, ఆపనివ్వనిది నెరిడా అని కూడా చెప్పాను. నిన్ను ఉండమన్నారు."

ఆమె వాన కేసి చూసింది. "మెర్వ్ ఎవర్నీ నవ్వించాలనుకోలేదు ఎవన్. ఆవిడ తిండి సంగతి చూశాడు, అంతే. నా విగ్గు జోకు ఆవిడ అక్కడ ఉందని కూడా పట్టించుకోలేదు."

"నా ఏడుపు సీనూ చుట్టూ ఉన్నవాళ్ళని పట్టించుకోలేదు. ఊరివాళ్ళని గోడకి బొమ్మల్లా కూర్చోబెట్టాను."

"మిగతా సీన్లు తిరగరాస్తాను."

"రాయి. కానీ బాగుందో లేదో ఇకనుంచి నేనొక్కణ్ణే తేల్చకూడదు. అదీ ప్రొడ్యూసర్‌కి చెప్పాను."

"అదెందుకు?"

"నువ్వంటే ఇష్టం. ఇష్టపడ్డవాడి తీర్పు చెల్లదు."

లోపల ఎవరో పియానో మూత ఎత్తారు. నెరిడా అతని వైపు తిరిగింది.

"ఈ మాట నాకంటే ముందు ప్రొడ్యూసర్‌కి చెప్పావా?"

ఎవన్ ఆలోచించాడు. "అలాగే అయింది."

"ఏమందావిడ?"

"ఊళ్ళో అందరికీ తెలుసంది. నీకు తప్ప."

"నాకూ తెలుసు. నీ నోట వినాలని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పు. మొదటినుంచీ, నాతో."

అతను మొదలుపెట్టాడు. మధ్యలో తడబడ్డాడు. ఆమె నవ్వింది. అతనూ నవ్వి, ఎక్కడ వదిలాడో మర్చిపోయి, మళ్ళీ మొదలుపెట్టాడు.