చుక్క మెదడులో ముడి

పరిశోధనశాల స్పీకర్‌లో డప్పు మోగగానే గుర్రం చుక్క కళ్లు గట్టిగా మూసుకుని తల విసిరింది. పటాకులు ఇంకా పేలనే లేదు.

"చూశారా? పేలుడు రాబోతోందని దాని మెదడు ముందే కనిపెట్టేసింది," అంది డాక్టర్ సువర్చల మెచ్చుకోలుగా. జంతువుల మెదళ్ల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఆమె.

దాన్ని పెంచిన మొగిలికి మాత్రం గుర్రం వణుకే కనిపించింది. పుట్టగానే తల్లి చచ్చిపోతే దానికి సీసాతో పాలు పట్టి పెంచుకున్నాడు. వరంగల్ పెళ్లి ఊరేగింపుల్లో, ఆ బరాత్‌లలో, ఏళ్ల తరబడి డప్పు వెంటే దాని చెవి పక్కన పటాకుల లడీలు పేల్చి ఈ గతికి తెచ్చారు మహానుభావులు. మొన్న ఒక పెళ్లికొడుకును కింద పడేసింది. ఇంకోసారి పడేస్తే అమ్ముకోవాల్సిందే. ఆ మాట తలుచుకుంటే మొగిలికి అన్నం సయించడం లేదు.

"కొట్టి మాన్పియ్యమన్నరు మేడం. నాకు చెయ్యి రాలె."

"కొట్టినా మానదు మొగిలి గారూ. తల వెనక సెరిబెల్లం అని చిన్నమెదడు ఉంటుంది. డప్పు చప్పుడు ఒక దారిలో అక్కడికి చేరుతుంది, పేలుడు అదురు ఇంకో దారిలో. రెండూ పదే పదే కలిసి వస్తే అక్కడ ముడి పడుతుంది. ఇక డప్పు ఒక్కటి చాలు, కళ్లు మూసుకోమని కబురు వెళ్లిపోతుంది."

ఆ ముడిని విప్పడానికే ఆమె 'విడుపు' అనే యంత్రం కనిపెట్టింది. చూడ్డానికి మామూలు టోపీ. పుర్రె తెరిచే పని లేదు, అల్ట్రాసౌండ్ తరంగాలు సూటిగా వెళ్లి ఆ ఒక్క ముడినే వదులు చేస్తాయి.

చుక్క తలకు పెట్టిన టోపీ తీశాక మళ్లీ డప్పు మోగింది. చుక్క గడ్డి నములుతూ నిలబడింది. కంటి మీదికి ఈగ వస్తే మాత్రం చటుక్కున రెప్ప వాల్చింది. పుట్టుకతో వచ్చింది భద్రంగా ఉంది, మనుషులు నేర్పిన బెదురు పోయింది. మొగిలి దాని మెడ పట్టుకుని ఏడ్చేశాడు.

ఇక పటాకులు పేల్చని పెళ్లిళ్లకే గుర్రాన్ని ఇస్తానన్నాడు మొగిలి. ఆ వారమే హన్మకొండలో బరాత్. యంత్రం పనితనం చూసుకుందామని సువర్చల కూడా వచ్చింది. డప్పు మొదలైంది. చుక్క తొణకలేదు. కళ్లెం పట్టుకున్న మొగిలి మాత్రం కళ్లు మూసుకుని, దాన్ని వెనక్కి గుంజేశాడు. ఇన్నేళ్లూ డప్పు మోగినప్పుడల్లా గుర్రం విసురుకు అతని భుజం పీకేసేది; ముందే గుంజి పట్టడం చేతికి అలవాటైపోయింది. ఆపుకుందామని ఎంత చూసినా చెయ్యి మాట వినలేదు. డప్పు వెంటే నోట్లో కళ్లెం గుంజు పదే పదే పడి, ఊరేగింపు ముగిసేసరికి డప్పు మోగితే చుక్క మళ్లీ కళ్లు మూసుకుంటోంది.

"దాని ముడి మళ్లీ విప్పుతాను," అంది సువర్చల. "మీది విప్పడానికి నాకు అనుమతి లేదు. విడుపు జంతువులకే."

"నేను పట్టుకుంటే దానికి మళ్ల ముడి పడ్తది గదా?"

ఆమె తలూపింది.

తర్వాతి పెళ్లికి కళ్లెం అతని భార్య సమ్మక్క పట్టుకుంది. డప్పు మోగింది. చుక్క పెళ్లికొడుకుతో నిమ్మళంగా సాగిపోయింది. జనం వెనకాల మొగిలి కళ్లు మూసుకుని, ఉత్త చేతిని వెనక్కి గుంజాడు.