మారెన్ ఆడని ఫైనల్

మొదటి రోజే ఇద్దరికీ పోట్లాట అయింది. మారెన్ లిండ్‌క్విస్ట్ కాలేజీ అమ్మాయిల సాకర్ జట్టుకి గోల్‌కీపర్. కాల్విన్ ప్రిబిల్ ఆటగాళ్ల గాయాలకి చికిత్స నేర్చుకుంటూ ఆ ఏడాదే జట్టు వెంట వచ్చిన విద్యార్థి. ఆగస్టు ఎండలో ఆమె మణికట్టుకి టేపు చుట్టమంటే, అరచేతి దాకా బిగించి చుట్టేశాడు.

"పార్సిల్ కడుతున్నావా? అడ్రస్ కూడా రాసెయ్."

"కదలకూడదనే కదా కట్టేది," అన్నాడు చెవులు ఎర్రబడుతూ.

"నేను గోల్‌కీపర్‌ని. వేళ్లు కదలకపోతే బంతిని పళ్లతో పట్టుకోనా?"

ఆ రోజు నుంచి అతను ఆమెకి 'డాక్టరు గారు' అయ్యాడు. అక్టోబరు వచ్చేసరికి నొప్పి ఉన్నా లేకున్నా మారెన్ వెళ్లి అతను కట్లు కట్టే బల్ల మీద కూర్చునేది. సంగతి జట్టంతా కనిపెట్టింది. పైకి అననిది వాళ్లిద్దరే. జట్టు పనిలో ఉండగా అలాంటి మాట ఎత్తకూడదని అతను ఆగాడు. సీజన్ అయ్యాక అతనే చెప్తాడులే అని ఆమె ఆగింది.

నవంబరులో చుట్టుపక్కల కాలేజీల మధ్య జరిగే కాన్ఫరెన్స్ టోర్నమెంట్ వచ్చింది. మారెన్‌కి అదే ఆఖరి ఏడాది. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని వాళ్లలాంటి చిన్న కాలేజీలో ఆడినవాళ్లకి ఆ తర్వాత ఆట ఉండదు, ఉద్యోగాలే ఉంటాయి. నాలుగేళ్లలో వాళ్ల జట్టు సెమీఫైనల్ చేరడం అదే మొదటిసారి.

శుక్రవారం సెమీఫైనల్ జరిగినంతసేపూ సన్నగా వాన పడుతూనే ఉంది. ఆట చివర్లో అవతలి జట్టు అమ్మాయి ఒంటరిగా దూసుకొచ్చింది. మారెన్ ఆమె కాళ్ల మీదికి దూకింది. ఆ అమ్మాయి మోకాలు వచ్చి మారెన్ చెవి పైన తగిలింది. బంతి మాత్రం చేతుల్లోంచి జారలేదు. ఒక్క గోల్ తేడాతో గెలిచారు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా పాటలు. మారెన్ టోపీని కళ్ల మీదికి లాక్కుని కూర్చుంది. ఎదురొచ్చే లారీల లైట్లు కళ్లలో గుచ్చుకుంటున్నాయి. కాల్విన్ వచ్చి పక్కన కూర్చుని, ఇవాళ మన గోల్ ఎవరు కొట్టారని మామూలుగా అడిగాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. పేరు తట్టలేదు.

"కొంచెం తలనొప్పి, అంతే. ఎవరికీ చెప్పకు."

"రేపు పొద్దున్నే కోచ్‌కి నువ్వే చెప్పు. లేదంటే నేను చెప్తాను."

"నువ్వు చెప్పవు," అంది మారెన్ నవ్వుతూ. ఆ నమ్మకం ఆమెకి నిజంగానే ఉంది.

మర్నాడు ఆమె ఎవరికీ ఏమీ చెప్పకుండా గ్లవ్స్ తొడుక్కుని ప్రాక్టీసుకి వెళ్లింది. కోచ్ రుడ్నిక్ గేటు దగ్గరే ఆపి, తల దెబ్బకి మెదడు అదిరిందేమో చూసే కంకషన్ పరీక్షకి రమ్మంది. అయిదు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడిగారు. మారెన్‌కి రెండే గుర్తున్నాయి. ఒంటికాలి మీద నిలబడమంటే గోడ పట్టుకుంది. ఫైనల్ ఆడడానికి వీల్లేదని చెప్పేటప్పుడు కోచ్ ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

బయట వరండాలో కాల్విన్ నిలబడి ఉన్నాడు.

"నేనంటే ఇష్టం అనుకున్నాను," అంది మారెన్.

"ఇష్టమే. అందుకే చెప్పాను."

"ఆ మాట అనడానికి ఇంతకంటే మంచి రోజు దొరకలేదా నీకు?"

అలా అంటూనే ఆమె వెళ్లిపోయింది.

ఆదివారం ఫైనల్‌కి వాన ఇంకా పెరిగింది. కూతురి ఆఖరి ఆట చూద్దామని పక్క రాష్ట్రం నెబ్రాస్కా నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన తల్లి కొరిన్, ఆ కూతురి పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుని ఆట చూసింది. మారెన్ బదులు మొదటి సంవత్సరం పిల్ల టెస్సా గోల్ కాసింది. మొదటి సగంలో దూరం నుంచి వచ్చిన బంతి టెస్సా తడి చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. ఆట ఆ ఒక్క గోల్‌తోనే ముగిసింది.

మారెన్ మైదానంలోకి వెళ్లి, బురదలో కూలబడిన టెస్సాని లేవదీసి హత్తుకుంది. వెనక ఎవరో, కప్పు ఎవడి వల్ల పోయిందో అందరికీ తెలుసని కాల్విన్‌కి వినపడేలా అన్నారు. అతను వంచిన తల ఎత్తకుండా నీళ్ల సీసాలు పెట్టెలో సర్దుతున్నాడు. తను ఒక్క మాట అంటే ఆ నోళ్లు మూతపడతాయని మారెన్‌కి తెలుసు. అనలేదు.

కొరిన్ మాత్రం తిన్నగా అతని దగ్గరికి నడిచింది. మారెన్ కంగారుగా వెనకే వెళ్లింది.

"చెప్పింది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

"దీని మొండితనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. నాతో చెప్పి, దాచమని అడిగి ఉంటే దాచేదాన్ని. దీన్ని కాదనే ధైర్యం నాకు లేదు." ఆ తర్వాత ఆమె, తిరిగి వెళ్లేటప్పుడు జట్టు బస్సులో అతని పక్కన ఎవరూ కూర్చునేలా లేరని, తమ కారులో రమ్మని అంది. కోచ్ సరేనంది.

వెనక సీట్లో ఇద్దరూ చెరో కిటికీకి ఆనుకున్నారు. ఊరు దాటి, కోసేసిన మొక్కజొన్న చేల మధ్యకి వచ్చేదాకా కారులో వాన చప్పుడే. మారెన్ కళ్లు మూసుకునే మాట్లాడింది.

"నిన్ను ఇవాళ క్షమించను."

"సరే."

"రేపు కూడా."

"సరే."

"ఆట నాకు సరిగ్గా కనపడలేదు. ఒక్క బంతీ రెండుగా కనపడింది. మొదటి నుంచి చెప్పు."

కాల్విన్ మెల్లగా మొదలుపెట్టాడు. ఎవరు ఎవరికి అందించారో, ఎవరు జారిపడ్డారో, ఒక్కటీ వదలకుండా చెప్పుకొచ్చాడు. టెస్సా చేతుల దాకా వచ్చి ఆగిపోయాడు.

"దాన్ని నేనైతే ఆపేదాన్ని," అంది మారెన్.

"ఆపేదానివే."

ముందు సీట్లో తల్లి అద్దంలోంచి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగింది.

"ఆపి, మళ్లీ లేచేదాన్ని కాదేమో," అంది మారెన్.

మారెన్ చెయ్యి సీటు మీద తడుముకుంటూ వచ్చి కాల్విన్ చేతిని పట్టుకుంది.

"ఆగిపోయావేం? ఇంకా సగం ఆట ఉంది. చెప్పు."