గోడవైపు, కిటికీవైపు

పొద్దున ఆరింటికి కోడలు అత్తని గోడవైపు తిప్పింది. భుజం కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపు. వీపుకి దిండు ఆనించింది. ఇక ఎనిమిదింటికి కిటికీవైపు, పదింటికి మళ్ళీ గోడవైపు తిప్పాలి. అత్తకి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. కాలూ చెయ్యీ పోయాయి, మాట పోయింది. కళ్ళు మాత్రం మిగిలాయి.

తర్వాత కోడలు మంచం పక్కనే మోకరించింది. "తండ్రీ" అనేసరికి కునుకు పట్టింది. మంచం పట్టెకి తల కొట్టుకుని మెలకువొచ్చింది. ఈ మధ్య మొదలుపెట్టిన ప్రార్థన ఏదీ ఆమేన్ దాకా చేరింది లేదు. దేవుడు తనని ఎప్పుడో మరిచిపోయి ఉంటాడని ఆమె అనుకునేది. ఎవరితోనూ అనలేదు.

బయట ముసురు. ఏడున్నరకి వాకిట్లో వ్యాన్ ఆగి ఆడపడుచు దిగింది. ఊరూరా కూటాల్లో వాక్యం చెప్పే మనిషి. ఆమె పరిచర్య అంటే సంఘంలో అందరికీ గౌరవం. తల్లిని చూడ్డానికొస్తే కుర్చీలో పది నిమిషాలు కూర్చుని, ప్రార్థన చేసి వెళ్ళేది.

"వందనాలు వదినా. ఇంత పొద్దున్నే?"

"తమ్ముడేడి?"

"బస్సు తీసుకెళ్ళారు. మొదటి ట్రిప్పు."

"మంచిదే. వాడుంటే నసుగుతాడు. అమ్మని తీసుకెళ్ళడానికొచ్చా. మావాళ్ళ వృద్ధాశ్రమంలో మంచం ఖాళీ అయింది. అక్కడ మూడుపూటలా ప్రార్థన ఉంటుంది."

"ఇక్కడేం తక్కువైంది వదినా?"

ఆడపడుచు అలమరలోని బైబిల్ మీద వేలితో గీసి చూపించింది. "ఈ దుమ్ములో నీ పేరు రాయొచ్చు! ఆరాధనకొచ్చి ఎన్నాళ్ళయింది? పోయినేడు సాక్ష్యాల కూటంలో దేవుడు చేసిన మేలు చెప్పమని నిలబెడితే ఏమన్నావ్?"

"చెప్పడానికేం లేదన్నాను."

"తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు. దేవుడి గురించి చెప్పడానికి విత్తనానికైనా ఒక్క మాట దాచుకోవా నువ్వు?"

విసురుగా గదిలోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మని గోడకి తిప్పి పడేశావా! ఆ ముఖం చూడ్డం కూడా బరువైందా నీకు?"

కోడలు గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టింది. "తీసుకెళ్ళండి వదినా. అక్కడైనా ప్రార్థన ఉంటుంది. నాకు చేతకావట్లేదు. ఒళ్ళు తుడిచి పంపిస్తా, కాస్త పట్టుకోండి."

ఆడపడుచు తల్లి భుజం పట్టుకుంది. కోడలు వీపు మీది గుడ్డ తీసింది.

ఏళ్ళ తరబడి మంచం పట్టినవాళ్ళ వీపులు ఆడపడుచు చాలా చూసింది. ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని వాళ్ళకోసం ప్రార్థించింది. ఇక్కడ వీపు కడిగిన పలకలా ఉంది. నమ్మలేక, దుమ్మంటిన వేలు తుడుచుకుని తడిమింది. రెక్కల ఎముకలు, వెన్ను, తుంటి. ఎక్కడా ఒక్క పుండు లేదు.

"ఏం మందు రాస్తున్నావ్?"

"మందేం లేదు. రెండు గంటలకోసారి తిప్పుతా. గోడవైపు, కిటికీవైపు."

"రాత్రిళ్ళు?"

"రాత్రిళ్ళూ అంతే."

"నాలుగేళ్ళా?"

"అందుకే ప్రార్థనలో కునుకొస్తుంది వదినా. కావాలని కాదు."

ఆడపడుచు నేలమీద కూలబడింది.

"మంచాన పడ్డ మనిషికి చేసేదాన్నే పరిచర్య అనేది మా అమ్మమ్మ," అంది. "మేం ఆ మాటని పట్టుకెళ్ళి మైకు ముందు నిలబెట్టాం."

లేచి బయటికెళ్ళి వ్యాన్ పంపించేసింది. తిరిగొచ్చి చేతి గడియారం విప్పి కిటికీలో పెట్టింది. ఎనిమిదవుతోంది.

"ఇప్పుడెటు?"

"కిటికీవైపు. చెయ్యి భుజం కింద పెట్టండి."

ఇద్దరూ తిప్పారు. బయట వెలుతురేం లేదు, ముసురే. ముసలామె కళ్ళు ఆ ముసురుకేసి చూస్తూ తడిశాయి. ఆమె లేవదు, మాట రాదు. అది ముగ్గురికీ తెలుసు.

కోడలు మంచం పట్టెకి తల ఆనించి "తండ్రీ" అంది. అంతే, నిద్రపోయింది.

ఆడపడుచు ఆమె తల కింద తువ్వాలు మడిచి పెట్టింది. "ఆమేన్," అంది మెల్లగా. గడియారం చేతిలోకి తీసుకుని, పది ఎప్పుడవుతుందా అని చూస్తూ కూర్చుంది.