తాళం వేసిన గదిలో పాట

దేవుడి మీద భారం వేసి, కాస్త దగ్గరికి జరగండి. ఆ అచ్చాఫీసు వెనకగది పేరెత్తితే మెలితిప్పిన మీసాలు కూడా మంచినీళ్లు అడిగేవి. తాళం వేసిన గది... లోపల మనిషి లేడు... చీకటి పడితే పాట!

ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. పేజీలు కూర్చే పెద్దాయనది. అక్కడి కంప్యూటర్లన్నిటినీ తీగలతో కలిపారు. ఆయన తీరిక దొరికితే పాడి, వెనకగదిలో ఉన్న తన దాంట్లో దాచేవాడు. ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని వినేవారు. ఆయన పోయాక గది మూతపడింది. పాట మాత్రం — ఆగలేదు.

ఆయన కూతురూ అక్కడే ప్రూఫులు దిద్దేది. ఆమె నోటికి జడిసి అంతా ‘పిడుగు’ అనేవారు.

“రేపు ఆ కంప్యూటర్ మొత్తం తుడిపించేస్తున్నా. దెయ్యం వదిలిపోతుంది,” అన్నాడు మేనేజరు.

“మా నాన్న గొంతు ఇంకెక్కడా లేదండీ.”

“పోయినవాళ్ల పాటలు మనకెందుకమ్మా?”

“పోయినవాళ్లే కదండీ... మరి మీకు భయమెందుకు?”

అందరూ ఇళ్లకు వెళ్లాక, కొక్కేనికున్న తాళంచెవి తీసుకుని వెనకగది ముందు నిలబడింది. తాళంచెవి దూర్చింది. నోరు ఊరుకుంటుందా?

“దెయ్యమైతే మా ఇంటి దెయ్యమే!”

తలుపు తీసింది. చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది. నాన్న పాడుతున్నాడు... ఆమె గడప దాటగానే — గొంతు ఒక మెట్టు పెరిగింది.

పారిపోలేదు. వంగి చూసింది. తెర మీద పాట పేరు కింద చిన్న అక్షరాలు: ‘పెట్టినది — గేటు గది.’

గేటు గదిలో, పాత కంప్యూటర్ ముందు, దొరికిన దొంగలా కాపలా తాత.

“ఇక్కడ నొక్కితే అక్కడ మోగుతుందే తల్లీ,” గుసగుసలాడాడు. “దెయ్యమని జడిస్తే ఎవరూ ఆ గది జోలికి రారని... పాటలు మిగులుతాయని...”

“బాగానే మిగిల్చావులే తాతా! రేపు తుడిచేస్తున్నారు.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఒకదాన్ని తుడుస్తారు. ఆఫీసంతా తుడుస్తారా?”

నాన్న పాటలన్నీ ప్రతి కంప్యూటర్లోకీ, ఆఖరికి మేనేజరు దాంట్లోకీ పంపేసింది.

“అది సరే, నేను అడుగు పెట్టగానే గొంతెందుకు పెంచావు? గుండె జారిపోయింది!”

తాత మొహం పాలిపోయింది.

“పాట పెట్టేది నేనే తల్లీ... గొంతు పెంచేది ఎలాగో నాకు తెలీదు.”

పిడుగు మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది. వెనకగది వైపు తిరిగి అరిచింది —

“రేపు మేనేజరు వచ్చే వేళకి ఇంకా పెంచు నాన్నా!”

చీకట్లోంచి పాట... ఇంకో మెట్టెక్కింది.