నీలం హాలు పొయ్యి

"నీలం హాల్లో విషవాయువు క్యాప్సూల్ దాచారు. వేడి తగిలితే పగులుతుంది. పదకొండింటికి శాంతి ఒప్పందం మీద సంతకాలు," చెవిలోని మిషన్‌లో చీఫ్ ఆమ్‌స్టుట్జ్ గొంతు పలికింది.

"సభ వాయిదా వెయ్యకూడదా?"

"ఆరేళ్ళుగా కొట్టుకుంటున్న రెండు దేశాలు. ఈరోజు లేచి వెళ్ళిపోతే మళ్ళీ ఒక బల్ల దగ్గర కూర్చోరు."

వెరేనా నిట్టూర్చి పనిమనిషి ఏప్రన్ కట్టుకుంది. యాభై మూడేళ్ళు, అరిగిన మోకాళ్ళు, ఇరవై రెండో మారువేషం.

బెర్న్ నగరంలో ఆ భవనం తెలియనివాళ్ళు లేరు. ఫ్రాన్సు రాజుకి కిరాయి సిపాయిల్ని పంపి గడించిన ఒక దొర కట్టించాడు. ఆ వంశంలో చివరి ఆవిడ, పిల్లలు లేక, ప్రభుత్వానికి రాసిచ్చేసింది. ఒకటే షరతు: అతిథులు వచ్చిన రోజు నీలం హాలుని వెచ్చబరిచే పొయ్యి వెలిగించి తీరాలి. డెబ్భై ఏళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు.

హాల్లో ఒడీల్ అప్పటికే ఉంది. ముత్యాల దండ, ఎత్తు మడమల జోళ్ళు. క్యాప్సూల్ దాచిన ముఠాలో ఉంటూ చీఫ్‌కి కబుర్లు చేరవేసే మనిషి.

"పొయ్యి చూశావా?" అడిగింది వెరేనా.

"మొదట అదే చూశాను. తలుపు తీసి, చెయ్యి పెట్టి మరీ వెతికాను. బూడిద తప్ప ఏం లేదు. పైన షాండ్లియర్ చూడాలి. పెద్దవారు, నేనెక్కనా?"

"ఆ జోళ్ళతోనా? నిన్ను మొయ్యడం ఇంకో పని నాకు."

నిచ్చెన నాలుగో మెట్టు మీద ఊపిరి తీసుకుంటూ వెరేనా కిందికి చూసింది. నీలి పింగాణీ పలకల పొయ్యి గోడకి ఆనుకుని నిగనిగలాడుతోంది. మూడు వైపులా పలకలే. తలుపు లేదు.

ఉండదు కూడా. ఇలాంటి ఇళ్ళల్లో దొరల కంట బూడిద పడకూడదని, పొయ్యి నోరు గోడ వెనక పనివాళ్ళ నడవలో పెట్టేవారు.

"చీఫ్," ఏప్రన్ పిన్నులోని మైకులో గొణిగింది. "ఒడీల్‌ని గుమ్మం దాటనివ్వకండి."

జారిపడినట్టే నిచ్చెన దిగి, నడవలోకి పరిగెత్తింది. ఆ ఇంటి ముసలి పనిమనిషి హెడ్విగ్ పొయ్యి నోటి ముందు వంగి, వెలిగించిన అగ్గిపుల్ల కట్టెలకి దగ్గరగా పట్టుకుంది. వెరేనా ఉఫ్‌మని ఊదేసింది.

"ఇదేం పనమ్మా? పది యాభై అయింది!"

కట్టెల అడుగున చేతికి చల్లగా గాజుగొట్టం తగిలింది. వెరేనా దాన్ని ఏప్రన్ జేబులో తెచ్చుకున్న సీసపు పెట్టెలో పెట్టి మూత బిగించింది.

"ఇప్పుడైనా వెలిగించొచ్చా?" హెడ్విగ్ ముఖం చిట్లించింది. "అమ్మగారి షరతు తప్పితే మాట పడేది నేను."

"వెలిగించండి."

పదకొండింటికి రెండు దేశాల మంత్రులూ ఎదురెదురుగా కూర్చున్నారు. గంటకల్లా సంతకాలు అయిపోయాయి. వైన్ గ్లాసులు అందిస్తున్న వెరేనాని ఒక మంత్రి వేలితో పిలిచాడు.

"ఏమ్మా, ఆ పొయ్యి కాస్త తగ్గించకూడదూ? చచ్చిపోతున్నాం ఇక్కడ."