సిగ్నల్ లేని తోట

కర్నూలులోని ఆ చిన్న ఆఫీసుకు వచ్చిన రాజ్యలక్ష్మమ్మ కుర్చీ అంచున కూర్చుంది. మైదుకూరులో పసుపు వ్యాపారం చేసి భర్త కూడబెట్టిన ఆస్తిని, ఆయన పోయాక ఆమే కాపాడుకొస్తోంది.

"మా మ్యూచువల్ ఫండ్లల్లో సగం ఎవురో అమ్మేసినారు మేడం. ఆ డబ్బుతో పేరు కూడా వినని కంపెనీ బాండ్లకు ఆర్డరు పెట్టినారు. పోలీసుల కాడికి పోతే నా కోడల్ని పట్టుకుంటారేమోనని భయంగా ఉండాది."

ప్రైవేటు డిటెక్టివ్ ప్రమీలారాణి ఆమె ముందుకు మంచినీళ్లు జరిపింది. "కోడలి మీద అనుమానం ఎందుకొచ్చింది?"

"ఫోనుకొచ్చే కోడ్ కొడితేనే అమ్మకం జరుగుతాదంట. నా ఫోను చూసేది శ్రీవిద్యే. అది చేనేతోళ్ల పిల్ల. మగ్గాలు పెట్టుకుంటానని పెట్టుబడి అడిగితే నేను ఇయ్యలేదు. అందుకే చేసిందని నా కొడుకు ధనుంజయ దాంతో మాటలే మానేసినాడు."

"మరి మీరు?"

"అది కాకుంటే చాలనుకుంటాండా."

మర్నాడు ప్రమీలారాణి, ఆమె అసిస్టెంటు ఓబులేష్ మైదుకూరు వెళ్లారు. శ్రీవిద్య ఏమీ దాచకుండా అత్త ఫోను తెచ్చి ఇచ్చింది. ఓబులేష్ మెసేజీ చదివాడు: 'అమ్మకం కోడ్ మీ మొబైల్‌కు, ఈమెయిల్‌కు పంపాం.'

"ఆ రోజు మధ్యాహ్నం అమ్మకం జరిగింది. అప్పుడు మీరు ఎక్కడున్నారు?" అడిగింది ప్రమీలారాణి.

"బనగానపల్లె కాడ మా మామిడితోటలో. అత్తా నేనూ కాయలు కోయిస్తాంటిమి. ఫోను మాకాడే ఉన్నా ఆడ సిగ్నల్ రాదు. సాయంత్రం ఊర్లోకొచ్చినాక కోడూ, అమ్మినట్టు మెసేజీ రెండూ ఒకేసారి వచ్చినాయి. అత్తకు చూపించింది నేనే."

అక్కడి నుంచి ఇద్దరూ కడపలో ఆ కుటుంబం పెట్టుబడులు చూసే సలహాదారు తేజేశ్వర్‌ను కలిశారు. అతను ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"కోడ్ అమ్మగారి ఫోనుకు తప్ప ఇంకెక్కడికీ పోదు మేడం. ఆ ఖాతా తెరిచింది నేనే కదా. ఇంట్లోవాళ్ల పనే ఇది. రచ్చ ఎందుకు?"

కారెక్కాక ఓబులేష్ నిట్టూర్చాడు. "అందరూ ఆ పిల్లనే అంటున్నారు మేడం."

"రాజ్యలక్ష్మమ్మ గారికి ఈమెయిల్ ఉందేమో కనుక్కో."

అతను ఫోన్ చేసి అడిగాడు. "అట్లాంటిది తనకు లేనే లేదంట."

ప్రమీలారాణి నవ్వింది. "రేపు అందర్నీ కూర్చోబెడదాం."

మర్నాడు ఉదయం మైదుకూరు ఇంటి హాల్లో తల్లీకొడుకులు, శ్రీవిద్య, తేజేశ్వర్ కూర్చున్నారు.

"అమ్మకం జరిగిన వేళ ఈ ఫోనుకు సిగ్నల్ లేదు. అందులోని కోడ్‌ను శ్రీవిద్య కాదు, ఎవరూ చూసే వీల్లేదు. అయినా ఎవరో చూసి కొట్టారు. అంటే ఈమెయిల్‌లో చూశారు. అమ్మగారికేమో ఈమెయిల్ లేదు. మరి ఖాతాలో ఉన్న ఈమెయిల్ ఎవరు సృష్టించారు?" అంది ప్రమీలారాణి.

ఆమె కోడలి వైపు తిరిగింది. "శ్రీవిద్యా, అత్తగారి ఖాతాకు ఇప్పుడొక కోడ్ తెప్పించమ్మా."

శ్రీవిద్య తన ఫోనులో అత్త ఖాతా తెరిచి మీట నొక్కింది. రాజ్యలక్ష్మమ్మ ఫోను మోగింది. అదే క్షణంలో బల్లమీదున్న తేజేశ్వర్ ఫోనూ మోగింది. అతను చేయి చాచేలోపు ఓబులేష్ దాన్ని అందుకున్నాడు. తెర మీద ఈమెయిల్‌లో వచ్చిన అదే కోడ్ కనిపించింది. ఓబులేష్ తన మేడం వైపు చూసిన చూపులో గర్వం దాగలేదు.

"బాండ్లు కొనిపిస్తే ఆ కంపెనీ భారీగా కమీషన్ ఇస్తానంది," అన్నాడు తేజేశ్వర్ తల దించుకుని.

"డబ్బు ఇంకా కంపెనీకి చేరలేదు. అమ్మగారు ఫిర్యాదు చేస్తే ఆర్డరు ఆపుతామని ఫండు సంస్థ వాళ్లు చెప్పారు. మిగతాది పోలీసులు చూసుకుంటారు," అంది ప్రమీలారాణి.

ధనుంజయ లేచి భార్య ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయింది విద్యా."

శ్రీవిద్య కళ్లు తుడుచుకుంది. రాజ్యలక్ష్మమ్మ ఆమెను దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ మామ పోయినాక ఆ తేజేశ్వర్ పిలగాడు చెప్పిందానికల్లా తల ఊపినా. ఇంక మనిద్దరం ఒప్పుకుంటేనే ఏదైనా కొనేది. ఏం కొంటాండామో నాకు అర్థమయ్యేదాకా చెప్పు. శానా సార్లు అడుగుతా, విసుక్కోగాకు."

"ఎన్నిసార్లయినా అడుగత్తా," అంది శ్రీవిద్య.